ఉప్పు పోసిన చెయ్యి

పోస్టుమార్టం రిపోర్టు మొదటి వాక్యం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఫలానా తేదీన, ఫలానా వేళకు, ఈ శవాన్ని నేను స్వయంగా కోసి పరీక్షించితిని. దాని కింద డాక్టరు సంతకం, గుండ్రటి ముద్ర. జాతీయ రహదారి పక్కనున్న ఆ ఏరియా ఆసుపత్రిలో పదకొండేళ్లలో వెయ్యికి పైచిలుకు శవాల్ని కోసింది జగ్గమ్మ. ఊరి పేరు ఎందుకులెండి, ఏ ఊరు పేరు పెట్టుకున్నా అతుకుతుంది. ఆ వెయ్యి కాగితాల్లో ఒక్కదాంట్లోనూ జగ్గమ్మ లేదు.

ఆసుపత్రి వెనక, జనరేటరు షెడ్డు దాటాక ఓ రేకుల గది. లోపల సిమెంటు బల్ల, ఒక కుళాయి. నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే బోరింగు దగ్గర నుంచి బకెట్లు మొయ్యాలి. డాక్టరు నరసింగరావు ఆ గడప దాటిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బయటే నిలబడేవాడు. పక్కన అట్ట మీద కాగితం, చేతిలో పెన్ను.

"ఏటుందే జగ్గమ్మా, పొట్టలో?"

"మందు వాసనొస్తంది బాబూ. పురుగుల మందే."

"ఊపిరితిత్తులో?"

"బాగానే ఉన్నాయి బాబూ."

ఆయన రాసుకునేవాడు. జగ్గమ్మ చేతులు చెప్పింది ఆయన ఇంగ్లీషులో రాసుకునేవాడు. ఐదు నిమిషాల్లో ఓపీకి వెళ్లిపోయేవాడు. తర్వాత కుట్లు వెయ్యడం, కడగడం, ఏడుస్తున్నవాళ్లకి అప్పజెప్పడం, వాళ్ల తిట్లు తినడం, అన్నీ జగ్గమ్మ వంతే.

జగ్గమ్మది రెల్లి కులం. శవాన్ని కొయ్యాలంటే డాక్టరీ చదవాలని చట్టం చెబుతుంది. రెల్లి ఇంట్లో పుడితే చాలని ఆసుపత్రి చెబుతుంది. ఆసుపత్రి మాటే చెల్లింది. ముందు ఆమె మొగుడు కూర్మయ్య కోసేవాడు. ఆ వాసన భరించడానికి తాగి, తాగుడుతోనే పోయాడు. పదిహేను రోజులు కాకుండానే కబురొచ్చింది, "మీ ఆయన పని నీకు తెలుసు గదా, రా" అని. రిజిస్టర్లో రాసుకున్నది మాత్రం పారిశుధ్య కార్మికురాలని. అదీ కాంట్రాక్టరు మనిషిగా, ఆసుపత్రి మనిషిగా కాదు. చేతి తొడుగులు ఇచ్చినప్పుడు ఇచ్చేవాళ్లు. ఇవ్వనప్పుడు పాల కవర్లు తొడుక్కునేది.

నేర్పినవాళ్లు ఎవరూ లేరు. చేతులే నేర్చుకున్నాయి. ప్రాణంతో నీళ్లలో పడ్డ మనిషి ఊపిరితిత్తి తడిసిన దూదిలా ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, కోస్తే నురగ వస్తుంది. ఉరి పోసుకున్న మెడ మీద తాడు మరక చెవి వైపు ఎగబాకుతుంది. ఎవరో బిగిస్తే అడ్డంగా ఉంటుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయని జగ్గమ్మకి తెలియదు. పుస్తకాలు చదివినవాళ్లు గడప బయట ఉండిపోయారు కాబట్టి వాటి గొడవ ఆమెకి రాలేదు.

ఒక్కటి మాత్రం చేతులు నేర్చుకోలేకపోయాయి. కడుపులోని భాగాల్ని ల్యాబుకి పంపాలంటే చిక్కటి ఉప్పునీళ్లలో వేసి పంపాలి. దానికి శుద్ధి చేసిన ఉప్పు, వెడల్పు మూతి గాజు సీసాలు పైనుంచి రావాలి. పదకొండేళ్లలో అవి రాలేదు. అడిగితే ఇండెంటు పెట్టామనేవారు. అందుకని జగ్గమ్మ ఇంట్లో ఉప్పే తెచ్చేది. నౌపడ రాళ్లుప్పు. ఆ చుట్టుపక్కల చేపకి పట్టించినా, ఆవకాయలో వేసినా, దిష్టి తీసి పారేసినా అదే ఉప్పు. సీసాలేమో ఊరగాయవి, టీకొట్టు పక్క కిరాణా వాళ్లు పారేసినవి. ఉప్పు ఉప్పే గదా అనుకుంది. డాక్టరూ అలాగే అనుకున్నాడు. అసలు అనుకోవడం కూడా అనవసరం అనుకున్నాడు.

2016 ఫిబ్రవరిలో బల్ల మీదకి దుర్గ వచ్చింది.

ముప్పై ఆరేళ్ల మనిషి. నౌపడ దగ్గర సముద్రపుటంచు పల్లె. మొగుడు గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద పనికి వెళితే, దుర్గ ఉప్పు మడుల్లో పని చేసేది. మడుల మేస్త్రీ లీజుదారుకి తమ్ముడు. ఆడవాళ్ల మీద చెయ్యి వేసేవాడు. అందరూ ఊరుకున్నారు, దుర్గ ఊరుకోలేదు. స్టేషనుకి వెళ్లి కాగితం ఇచ్చింది. కాగితం ఇచ్చిన నాలుగో రోజు మడులకి నీరు తోడే కాలువలో బోర్లా తేలింది. మూర్ఛ వచ్చి పడిపోయి ఉంటుందని పోలీసులు రాసుకున్నారు. ఆమెకి జన్మలో మూర్ఛ లేదు.

జగ్గమ్మ ఛాతీ తెరిచింది. ఊపిరితిత్తులు తేలిగ్గా, పొడిగా ఉన్నాయి. నొక్కితే సొట్ట పడలేదు. దవడ కింద వేళ్లు పెట్టి చూసింది. నాలుక మొదట్లో గుర్రపు నాడాలా వంగిన చిన్న ఎముక ఒకటి ఉంటుంది. అది వేళ్ల కింద రెండుగా కదిలింది.

"బాబూ, గొంతుకలో ఎముక ఇరిగిపోయినట్టున్నాది. ఓపాలి సెయ్యెట్టి సూడండి."

"పడ్డప్పుడు తగిలుంటుందిలే," అన్నాడు నరసింగరావు గడప అవతల నుంచి.

"నీల్లు మోకాలి లోతే గద బాబూ. ఊపిరితిత్తులు సూస్తే పొడిగా..."

"డాక్టరువి నువ్వా, నేనా? ఎస్సై రొమ్మెముక పంపమన్నాడు. ఓ ముక్క కోసి సీసాలో పెట్టు. మునిగి చచ్చిందో లేదో ల్యాబు చెబుతుంది. మన నోటితో చెప్పడం ఎందుకు?"

ఆ మాటని జగ్గమ్మ గట్టిగా పట్టుకుంది. ఈయన చూడకపోతే పోనీ, ల్యాబు చూస్తుంది. అక్కడ చదువుకున్నవాళ్లు ఉంటారు, వాళ్లకి కళ్లుంటాయి. రొమ్మెముక ఊరగాయ సీసా మూతిలో పట్టలేదు. రంపంతో నిలువునా రెండు చేసింది. ఉప్పునీళ్లు కలిపి నిండుగా పోసింది. పాడైపోకూడదని, మిగతా వాటి కన్నా ఒక గుప్పెడు ఎక్కువే వేసింది.

ఆగస్టులో ల్యాబు రిపోర్టు వచ్చింది. ఎముక మూలుగలో నీటి జీవుల గుల్లలు కనిపించాయని, కాలువ నుంచి పోలీసులు పంపిన నీటిలోనూ సరిగ్గా అవే ఉన్నాయని, కనుక ప్రాణం ఉండగా ఆ నీళ్లలోనే మునిగిందని. కేసు మూసేశారు.

దుర్గ తల్లి లక్ష్మణమ్మ నరసన్నపేట సంతలో ఎండుచేపలు అమ్ముకుంటుంది. ఆ కాగితం పట్టుకుని రేకుల గది దగ్గరకే వచ్చింది.

"ఏటమ్మా, కోసినదానివి నువ్వేనంట గదా. మా గుంట దుర్గ నీల్లు తాగి సచ్చిపోనాదంట. కానిస్టేబులు సదివి సెప్పినాడు. సముద్రం మీద పుట్టినోల్లం, మోకాలి లోతు నీల్లలో సస్తామేటి? నువ్వు సూసినావు గదా. సెప్పు."

జగ్గమ్మ తన చేతుల వైపు చూసుకుంది. తన చేతులు అబద్ధం చెప్పాయా? వెయ్యి మందిని చూసిన చేతులు ఈ ఒక్కదాని దగ్గరే తప్పాయా? "నాకేటి తెలుసప్పా, నాను తుడిసేదాన్ని," అంది. ఆ మాట అన్నందుకు వారం రోజులు అన్నం సహించలేదు.

సెప్టెంబరులో ఎచ్చెర్లలో పోలీసులకీ ఆసుపత్రి సిబ్బందికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. అక్కడ చూపించడానికి శవపరీక్ష పనిముట్ల పెట్టె తెమ్మన్నారు. పెట్టె బరువు కాబట్టి జగ్గమ్మని కూడా జీపు ఎక్కించారు. పెట్టె దించాక వెళ్లి బయట కూర్చోమన్నారు. బయట ఎండ. ఆమె లోపలే, వెనక మంచినీళ్ల క్యాను పక్కన గోడకి జారగిలబడింది.

మాట్లాడుతున్నది పద్మకుమారి. ల్యాబులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. హెడ్‌కానిస్టేబుళ్లు ఆవలించకుండా ఉండాలని కాబోలు, అంతా తెలుగులో కథలా చెబుతోంది.

"ఇంగ్లండులో మార్ష్ అని ఒకాయన. ఒక ముసలాయన్ని మనవడు కాఫీలో పాషాణం కలిపి చంపాడని కేసు. మార్ష్ పరీక్ష చేసి, విషం ఉందని పసుపు రంగు తేల్చి చూపించాడు. కోర్టుకి తీసుకెళ్లేసరికి ఆ రంగు కాస్తా పాడైపోయింది. జ్యూరీ నమ్మలేదు. మనవడు నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. మార్ష్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ మంటతో నాలుగేళ్లు కూర్చుని, చిటికెడులో చిటికెడు పాషాణం ఉన్నా పట్టిచ్చే కొత్త పరీక్ష కనిపెట్టాడు. ఈ శాస్త్రం చాలామటుకు ఇలా కోపంలోంచే పుట్టిందయ్యా. నిజం చేతిలో ఉండీ దాన్ని నిలబెట్టలేకపోయినవాడి కోపంలోంచి."

జగ్గమ్మ గోడ వదిలి నిటారుగా కూర్చుంది.

వేలిముద్రల గురించి చెప్పింది తర్వాత. లక్షల ముద్రల్లోంచి కావలసినది నిమిషాల్లో వెతికి తీసే లెక్క కట్టినవాళ్లు కలకత్తాలో ఇద్దరు మన ఎస్సైలు, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ పద్ధతికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీది. ఆ ఇద్దరూ ముసలివాళ్లయ్యాక సర్కారు బిరుదులిచ్చి సరిపెట్టింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. "ఇప్పుడూ అంతే గదా మేడం," అన్నాడు ఒక ఏఎస్సై. హాలంతా నవ్వింది. జగ్గమ్మ నవ్వలేదు. నరసింగరావు ఫోను చూసుకుంటున్నాడు.

"మన శ్రీకాకుళం అప్పట్లో మద్రాసు కింద ఉండేది. ఇలాంటి పరీక్షలకి దేశంలో మొదటి ల్యాబు మద్రాసులోనే, 1849లో. అంటే మనకి ఇది కొత్త కాదు." ఇక మునక చావుల దగ్గరకి వచ్చింది. "నీళ్లలో కంటికి కనబడని నాచు ఉంటుంది, డయాటమ్ అంటారు. దాని ఒంటి చుట్టూ గాజు లాంటి గుల్ల. చెరువు గుల్లలు వేరు, సముద్రపు గుల్లలు వేరు. మనిషి ప్రాణంతో మునిగితే అవి నీళ్లతోపాటు ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్నుంచి రక్తంలోకి, ఎముక మూలుగ దాకా పోతాయి. చచ్చాక పడేస్తే పోవు. అందుకే ఎముక అడుగుతాం. కానీ జాగ్రత్త. ఎముకని చీల్చకూడదు, చక్కగా పొడి సీసాలో పెట్టి పంపాలి. కుళాయి నీళ్లూ తగలకూడదు. ఇక మన ఉప్పు మడుల రాళ్లుప్పు అయితే అసలే వద్దు. నీరు ఎండి ఉప్పైనా అందులో గుల్లలు పోవు. గాజు కదా, అలాగే ఉంటాయి."

తర్వాత ఏం చెప్పిందో జగ్గమ్మకి వినబడలేదు. ఆ మడుల ఉప్పు. ఆ కాలువ నీరు ఎండితే అయ్యే ఉప్పు. ఆ కాలువలోనే దుర్గ. రంపంతో నిలువునా చీల్చిన ఎముక మీద, నిండుగా, ఇంకో గుప్పెడు.

భోజనాల వేళ పద్మకుమారి చేతులు కడుక్కుంటుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఎముక సీసాలో నౌపడ ఉప్పేసినాను. ఇది సచ్చిపోయినోల్ల ఇసయం, అందుకే అడుగుతన్నాను. కోపం సెయ్యకండి. తప్పైపోనాదా?"

"నువ్వు ఎవరమ్మా?"

"జగ్గమ్మండి. కోసేదాన్ని."

"మరి డాక్టరు?"

"ఆరు గడప బయటుండి రాసేవోరు."

పద్మకుమారి కుళాయి కట్టేసింది. అంతా విన్నది. ఊపిరితిత్తులు, గొంతుక ఎముక, మోకాలి లోతు నీళ్లు, ఊరగాయ సీసా.

"ముప్పై ఏళ్లు ఆ సీసాలు తెరిచానమ్మా. ఉప్పు ఎక్కడిదని ఒక్క రోజూ అడగలేదు. ఆ ఊరగాయ వాసన వస్తే నవ్వుకునేవాళ్లం." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "శవాన్ని కాల్చేశారా, పూడ్చారా?"

"ఇసకలో పూడ్సినారు."

"అయితే గొంతుక ఎముక అక్కడే ఉంది. దానికి నీళ్లతో పని లేదు, ఉప్పుతో పని లేదు. నువ్వు రాసివ్వు. నువ్వే కోశానని, నువ్వే పోశానని. నేనూ రాస్తాను. కానీ ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"ఉజ్జోగమా?" అంది జగ్గమ్మ. "అది ఉన్నాదని ఏ కాయితంలో ఉన్నాదమ్మా?"

తిరుగు ప్రయాణంలో జీపులోనే నరసింగరావుకి చెప్పేసింది. దాపరికం ఆమెకి చేతకాదు. ఆయన డ్రైవరు వైపు ఒకసారి చూసి, మెడ వెనక్కి తిప్పాడు.

"నోరు ముయ్యి. ఉప్పు నువ్వు పోశావని ఎవడికి తెలుసు? ఆ రోజు నువ్వు ఆ గదిలోనే లేవు. రికార్డు చూసుకో." కొంచెం దూరం పోయాక గొంతు మెత్తబడింది. "చూడు జగ్గమ్మా, పదకొండేళ్లు చేశావు. సూపరింటెండెంటుతో మాట్లాడి పర్మినెంటు చేయిస్తాను. ఆ పిల్ల ఎలాగూ తిరిగి రాదు."

"నాను గదిలో లేనా బాబూ?"

"లేవు."

"మరి ఎవులున్నారు? తమరున్నారా?"

ఆయన మెడ మళ్లీ ముందుకి తిప్పుకున్నాడు. పదకొండేళ్లలో ఆమె ఆయన్ని ఎదురు ప్రశ్న అడగడం అదే మొదలు. అడిగాక, ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదా అని ఆమెకే అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు నరసన్నపేట సంతకి వెళ్లింది. లక్ష్మణమ్మ తట్ట ముందు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. జగ్గమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడి, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తాను "తుడిసేదాన్ని" అన్న అబద్ధంతో సహా. లక్ష్మణమ్మ విని, తట్టలోంచి గుప్పెడు ఎండు కవళ్లు తీసి జగ్గమ్మ మొహాన కొట్టింది.

"ఒసే, ఆడు నా గుంటని ఓపాలి సంపితే నువ్వు రెండోపాలి సంపినావే! ఇంట్లో కూరలో ఏసినట్టు ఏసినావా ఉప్పు? ఆర్నెల్లు ఆ కాయితం కోసం తిరిగినాను. ఆర్నెల్లు! ఊల్లో అందరూ ఏటన్నారో తెలుసా? తాగి పడిపోనాదన్నారు!"

పక్క తట్టల ఆడవాళ్లు లేచి వచ్చారు. జగ్గమ్మ మొహం తుడుచుకోలేదు.

"కొట్టప్పా. తప్పు నాదే, కొట్టు. అయితే ఉప్పు ఇవ్వనోడిది తప్పు కాదేటి? గడప దాటనోడిది కాదేటి? నన్ను కొట్టినాక ఆల్ల కాడికీ రా. ఆర్డీవో ఆఫీసుకెల్దాం. ఇద్దరం ఎల్దాం."

"నీతోటి నానెందుకొస్తానే?"

"రావద్దు. ఎనకాల రా. పది గజాలు ఎనకాల రా. అయితే రా."

వచ్చింది. పది గజాలు వెనకాలే వచ్చింది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది. ఆర్డీవో కార్యాలయం మెట్ల మీద మాత్రం ఇద్దరికీ ఒకే నీడ దొరికింది.

విచారణ అక్టోబరులో. అప్పటికే కాంట్రాక్టరు ఫోను చేసి జగ్గమ్మని రేపట్నుంచి పనికి రావద్దన్నాడు. ఆర్డీవో ముందు బల్ల మీద మూడు కాగితాలు. నరసింగరావు రిపోర్టు, జగ్గమ్మ రాయించిన అర్జీ, పద్మకుమారి ఉత్తరం.

"ఈమె ఆసుపత్రి ఉద్యోగి కాదు సార్," అన్నాడు నరసింగరావు. "శవపరీక్ష చేసింది నేను. ఎవరో ఎగదోస్తే మాట్లాడుతోంది."

"సరే. ఎముక సీసాలో ఉప్పునీళ్లు మీరే పోశారా?"

నరసింగరావు లెక్క వేసుకున్నాడు. పోశానంటే ఆ తప్పు తన నెత్తికి చుట్టుకుంటుంది. పోయలేదంటే పక్కన ఎవరో ఉన్నట్టు. "సాధారణంగా సిబ్బంది సాయం చేస్తారు సార్..."

"సాయమేటి బాబూ!" జగ్గమ్మ గొంతు ఆ గదికి పెద్దదైపోయింది. బయట వరండాలో ఫైళ్లు మోసేవాడు తొంగి చూశాడు. "అయ్యా, ఆరినే అడగండి, దుర్గ ఒంటి మీద ఏటేటున్నాయో. అరికాల్లు ఎలగున్నాయో అడగండి. ఎడం బుజం మీద ఏటున్నాదో అడగండి. కోసినోల్లకి తెలియదేటి?"

ఆర్డీవో నరసింగరావు వైపు చూశాడు. ఆయన రిపోర్టు వైపు చూశాడు. రిపోర్టులో అరికాళ్ల గురించి ఏమీ లేదు, భుజం గురించి లేదు.

"అరికాల్లు ఉప్పు తినీసినాదయ్యా. జల్లెడలాగ బొక్కలు పడిపోనాయి. ఎడం బుజం మీద కాలిన మచ్చ, అరసేతంత."

"సిన్నప్పుడు సేపల పొయ్యి మీద పడ్డాది," అంది లక్ష్మణమ్మ మెల్లగా, గుమ్మం పక్క నుంచి. ఆ గదిలో ఆమె మాట్లాడింది అదొక్కటే.

శవాన్ని తవ్వి తీసి మళ్లీ పరీక్షించమని ఆర్డీవో ఉత్తర్వు ఇచ్చాడు. నరసింగరావుకి ఏమైందంటారా? ఇంకో ఆసుపత్రికి బదిలీ అయింది. అక్కడా ఒక రేకుల గది ఉంటుంది, అక్కడా ఒక గడప ఉంటుంది. ఈ దేశంలో గడపల బయట నిలబడి పింఛను దాకా వెళ్లిపోవచ్చు.

నవంబరులో ఒక పొద్దున, తొమ్మిది దాటాక, సరుగుడు తోట అవతల ఇసక దిబ్బల దగ్గర అందరూ చేరారు. తహసీల్దారు, ఎస్సై, కేమెరా పట్టుకున్న మనిషి, విశాఖ నుంచి వచ్చిన డాక్టరు పృథ్వీరాజ్. పల్లె ఆడవాళ్లు చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడ్డారు. ఇద్దరు మనుషులు గుంట తవ్వి, చాప అంచు కనిపించగానే పైకి వచ్చేశారు. ఇక దిగమన్నారు. ఎవరు దిగాలి? పృథ్వీరాజ్ తహసీల్దారుని చూశాడు. తహసీల్దారు ఎస్సైని చూశాడు. "ఆసుపత్రి నుంచి కోసే మనిషిని పంపలేదా?" అన్నాడు డాక్టరు. పంపలేదు. ఉన్న ఒక్క మనిషినీ వాళ్లే తీసేశారు. అందరి కళ్లూ మెల్లగా తాడు అవతల ఉన్న జగ్గమ్మ మీదకి వెళ్లాయి. తహసీల్దారు చెయ్యి ఊపాడు కూడా, రమ్మని.

"నాను రాను," అంది జగ్గమ్మ.

"ఏటే, డబ్బులిస్తార్లే."

"నాను సాక్షిని బాబూ. నా సెయ్యి తగిలితే రేపు కోర్టులో నానే ఇరిసీసినాను అంటారు. పద్మకుమారమ్మ సెప్పినారు. కోసేది డాకటేరని మీ సట్టమే గదా అంటన్నాది. దిగమనండి."

పృథ్వీరాజ్ కుర్రవాడేమీ కాదు, ముప్పై అయిదు దాటాయి. ప్యాంటు మడిచి, తొడుగులు వేసుకుని దిగాడు. ఇసక అతని మోకాళ్ల మీదకి జారింది. చాప విప్పాడు. ఆడవాళ్లలో ఎవరో ఓలమ్మో అన్నారు.

"అక్కడ కాదు బాబూ," జగ్గమ్మ తాడు మీదుగా వంగి అరిచింది. "అది మెడ ఎనకాలది. దవడ కిందకి రండి. ఇసక సేత్తో తియ్యకండి, జారిపోతాది. కుంచె లేదా? అయితే ఊదండి. మెల్లగ. అది పుల్లలాగ ఉంటాది, సిన్నది. తొందరపడకండి బాబూ, తొమ్మిది నెల్లు ఆగినాది, ఇంకో గంట ఆగుతాది."

గంట కంటే ఎక్కువే పట్టింది. డాక్టరు చొక్కా వీపంతా తడిసింది. చివరకి బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఏదో పైకెత్తాడు. ఎండకి పెట్టి చూశాడు. మళ్లీ వంగి ఇంకోటి ఎత్తాడు. రెండు ముక్కలు. విరిగిన చోట అంచుల్లో నల్లగా ఏదో ఇంకిపోయి ఉంది.

జగ్గమ్మ ఇసకలో కూర్చుండిపోయింది. చేతులు అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి తెలిసినందుకు సంతోషం రాలేదు. ఈ రెండు ముక్కలూ ఫిబ్రవరిలో తన వేళ్ల కిందే ఉన్నాయి, గడప నాలుగడుగుల దూరంలో ఉంది. నాలుగడుగులు నడవనందుకు ఒక తల్లి తొమ్మిది నెలలు నడిచింది.

పృథ్వీరాజ్ పైకి వచ్చి, కుర్చీలో కూర్చుని రాసుకున్నాడు. రాసి తహసీల్దారు చేతికి ఇవ్వబోయాడు.

"సదవండి బాబూ," అంది జగ్గమ్మ.

"కోర్టుకి పంపుతామమ్మా."

"పంపండి. ముందర సదవండి. తెలుగులో సదవండి, తల్లున్నాది."

డాక్టరు తాడు దగ్గర నిలబడ్డవాళ్లని చూశాడు. లేచి నిలబడి, ఇంగ్లీషు మాటల మీద వేలు పెట్టుకుంటూ ఒక్కొక్కటే తెలుగు చేసి చెప్పాడు. గొంతులోని ఎముక రెండుగా విరిగి ఉంది. విరిగిన అంచుల్లో పాత రక్తపు మరక కనబడుతోంది. ప్రాణం ఉండగానే, గొంతు గట్టిగా నులమడం వల్ల విరిగినట్టు తోస్తోంది. మరక నిర్ధారణకి పొడి సీసాలో ల్యాబుకి పంపుతున్నాను.

"మల్లీ సదవమను," అంది లక్ష్మణమ్మ.

అతను మళ్లీ చదివాడు. ఈసారి ఇంకా గట్టిగా.

లక్ష్మణమ్మ తాడు కిందనుంచి వంగి లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఎస్సైకి ఎదురుగా వెళ్లి నిలబడి, చీర కొంగులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. దుర్గ బతికుండగా స్టేషనులో ఇచ్చిన అర్జీ నకలు. మేస్త్రీ పేరున్న కాగితం.

"అప్పుడు ఇది నీకు సాల్లేదు. ఇప్పుడు రాసుకుంటావా బాబూ, ఇంకో ఎముక తెమ్మంటావా?"

ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకుని, కాగితం అందుకున్నాడు.